జవాబు చెప్పేవాడు

ఫిబ్రవరి 9

అక్కా,

క్షేమంగా చేరాను. నీ పుణ్యమా అని నా చేతిరాత బాగుపడుతోంది. లోకమంతా ఫోన్లలో మాట్లాడుకుంటుంటే నేనొక్కదాన్నే స్టాంపులు ఎక్కడ అమ్ముతారని అడుగుతూ తిరుగుతున్నాను. పోస్టాఫీసు గుమస్తా నన్ను ఎగాదిగా చూశాడు. పోనీలే. నీ సుపుత్రుడు గోడకేసి కొట్టాక మళ్ళీ ఫోన్ కొనకపోవడమే మంచిది. అందులోంచి మేస్త్రీ తిడుతున్నాడని వాడంటుంటే, మనకి వినపడని తిట్లకి మనమేం సర్దిచెబుతాం.

ఇక నా పని. నువ్వెప్పుడూ "తనిఖీ" అంటావు గానీ ఇది తనిఖీ కాదు. మనసు చెదిరి, దాంతోపాటు తాగుడు కూడా పట్టుకున్నవాళ్ళని ఆసుపత్రిలో పడెయ్యకుండా, మామూలు వీధిలో మామూలు ఇంట్లో ఉంచి బాగుచేస్తామని కొన్ని సంస్థలు అంటాయి. నిజంగా బాగవుతున్నారా, కాగితాల మీదేనా అని చూడ్డానికి మా ఆఫీసు నన్ను పంపుతుంది. నేను బాగుందంటే నడుస్తుంది, లేదంటే మూతపడుతుంది. అందుకే ఎక్కడికెళ్ళినా నాకు కుర్చీ తుడిచి మరీ వేస్తారు.

ఇక్కడ వెయ్యలేదు. అదే నాకు నచ్చింది. రైల్వే గేటు పక్క వీధిలో చివరి ఇల్లు. ముందు భాగం లాండ్రీ. లోపలికెళ్తే ఆవిరి, తడిబట్టల వాసన. ఇస్త్రీ చేస్తున్నవాళ్ళలో ఎవరు జబ్బుమనిషో ఎవరు పనివాడో తెలియలేదు. తర్వాత తెలిసింది, అందరూ జబ్బుమనుషులే, అందరూ పనివాళ్ళే. నాకు మేడ మీద ఒక గది ఇచ్చారు. నడిపేది ఒక రిటైరైన నర్సు, అందరూ పెద్దనర్సు అంటారు. నిమ్మళమైన మనిషి. ఆవిడ అన్న మాట వింటే నువ్వు ఎగిరి గంతేస్తావు: "తాగుడు వేరు, మనసు వేరు అని మేం విడదియ్యమమ్మా. రెండూ ఒకే మంచం మీద పడుకుంటాయి, రెంటినీ కలిపే లేపాలి."

రోజూ భోజనాలయ్యాక ఒక్కొక్కరూ వెనక గదిలోకి వెళ్ళి కాసేపు కూర్చుంటారు. దాన్ని "అప్పగింత" అంటారు. నేనింకా చూడలేదు. ఆ గది బయట వసారాలో ఒక పొడుగు బల్ల, దాని మీద ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. తల్లులు, భార్యలు, ఒక ముసలి తండ్రి. ఊలు అల్లుకుంటూ, చిక్కుళ్ళు ఒలుచుకుంటూ, గోడకి ఆనుకుని నోరెత్తకుండా కూర్చుంటారు. "కుటుంబాల భాగస్వామ్యం: చాలా బాగుంది" అని రాసుకున్నాను. మిగతా చోట్ల గడ్డం పట్టుకు బతిమాలినా ఒక్కరూ రారు.

ఇలాంటి చోటు మనవాడికి ఎప్పుడో దొరికి ఉంటే ఎంత బాగుండేది!

చెల్లి


ఫిబ్రవరి 16

ఒసేయ్ చెల్లీ,

నీ ఉత్తరం చదివి మిషను ఆపేసి ఏడ్చాను. కస్టమరు ఎదురుగానే. పాపం ఆవిడ, కుట్టడానికిచ్చిన గుడ్డ పాడైందనుకుని కంగారుపడింది.

ఇన్నేళ్ళూ వాణ్ణి బంతిలా తన్నారే. ఆసుపత్రి వాళ్ళేమో "ముందు తాగుడు మాన్పించి తీసుకురండి, అప్పుడు మందులిస్తాం" అంటారు. తాగుడు మాన్పించే చోటికి తీసుకెళ్తే "ఈయనకి చెవుల్లో ఎవరో మాట్లాడుతున్నారు, మావల్ల కాదు, ఆసుపత్రికి పొండి" అంటారు. ముందు నుయ్యి వెనక గొయ్యి. అసలు వాడు తాగేదే ఆ మేస్త్రీ నోరు మూయించడానికి. ఒకసారి తెలివిగా ఉన్నప్పుడు వాడే చెప్పాడు. లిఫ్టు రిపేరుకి గుంటలో దిగి పనిచేస్తుంటే పైనుంచి మేస్త్రీ "వెధవా, తప్పు తీగ పట్టుకున్నావు, చస్తావు" అంటాట్ట. తలెత్తి చూస్తే పైన ఎవరూ ఉండరట. నాలుగు గుక్కలు పడితే గానీ ఊరుకోడట. ఆ రెండు కుక్కలూ ఒకదాన్నొకటి పెంచుతున్నాయని నాబోటి కుట్టుపనిదానికే తెలుస్తుంటే, ఆ చదువుకున్నవాళ్ళకి తెలీదేం?

నిన్నేం చేశాడనుకున్నావు? నా సూదుల డబ్బా ఎక్కడో దాచేశాడు. అడిగితే "మేస్త్రీ ఎత్తుకెళ్ళాడే, పోలీసులకి చెప్పుకో" అని పళ్ళికిలించాడు. మత్తులో ఉన్నా, మతి లేకున్నా, నన్ను ఏడిపించడం మాత్రం మానడు. వీధంతా వినేట్టు "ఏమే అమ్మా" అని పిలుస్తాడు. ఆ పిలుపుకి ఎన్ని మొట్టికాయలు తిన్నాడో. ఊరికే పిడుగని పేరు పెట్టామా!

నువ్వు అంతగా చెబుతున్నావు కాబట్టి పంపించేస్తున్నాను. ఎదురింటి లారీ డ్రైవరు అటువైపు లోడు తీసుకెళ్తున్నాడు. ఆలస్యం చేస్తే అమృతం కూడా విషమే. వాడు బతికి బట్టకడితే చాలు, నాకింకేం అక్కర్లేదు.

మీ అక్క


ఫిబ్రవరి 18

అక్కా,

మొన్నటి ఉత్తరం మీద నమ్మకం పెట్టుకుని తొందరపడకు. మనవాణ్ణి అప్పుడే పంపకు.

ఇక్కణ్ణుంచి బాగై వెళ్ళినవాళ్ళ ఇళ్ళకి పోయి కలుస్తున్నాను. అందరికీ అవే ప్రశ్నలు. మళ్ళీ తాగారా? లేదండి. ఆసుపత్రిలో చేరారా? లేదండి. ఎవరికీ వినపడని గొంతులు వినిపిస్తున్నాయా? లేదండి. ఇలాంటి చోట్ల ఎక్కడైనా పదిమందిలో ముగ్గురు నిలబడితే మేం స్వీట్లు పంచుకుంటాం. ఇక్కడ పడిపోయినవాడే లేడు. అనుమానం వచ్చి రక్తపరీక్షలు కూడా చేయించాను. అబద్ధం కాదు.

ఒక బస్సు కండక్టరు, ఒక లెక్కల మాస్టారు, మాంసం కొట్టుకునే ఒకాయన. ముగ్గురూ మంచినీళ్ళిచ్చారు, ముగ్గురూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కూర్చున్న తీరు ఒక్కటే, నవ్విన తీరు ఒక్కటే. కండక్టరు భార్య నన్ను గేటు దాకా సాగనంపింది. మీ ఆయన ఇప్పుడెలా ఉంటారండీ అన్నాను. "మంచివాడండీ" అంది. కాస్త ఆగి, "ఎవరో చాలా మంచివాడు" అంది.

ఆ జవాబు రాయడానికి నా ఫారంలో గడి లేదు. పైగా ఆవిణ్ణి నేను రోజూ ఆ వెనక గది బయట బల్ల మీద చూస్తున్నాను. బాగైన మొగుణ్ణి ఇంట్లో వదిలేసి ఇక్కడికెందుకు వస్తున్నట్టు? ఇంకా అడగలేదు. కొన్నాళ్ళు ఆగు, నేను చూసి చెప్తాను.

ఈ ఉత్తరం మడుస్తుంటే కింద లారీ హారను మోగింది. కిటికీలోంచి చూశాను. నీ పిడుగు, భుజాన సంచీ, ఒక కాలికే చెప్పు. "ఏమే పిన్నీ, లిఫ్టు లేని ఇంట్లో దిగావేంటే, నాకు తిండెలా దొరుకుతుంది" అని వీధి దద్దరిల్లేట్టు అరుస్తున్నాడు. ఇంక నువ్వేం ఆగుతావు. అయినా రాసినందుకు పోస్టు చేస్తున్నాను.

చెల్లి


మార్చి 3

చెల్లీ,

బాగుందనేదీ నువ్వే, ఆగమనేదీ నువ్వే. నీ తిక్క నీదే. "ఎవరో చాలా మంచివాడు" అందని భయపడ్డావా? ఆవిడకి సుఖం ఎక్కువైంది. నాకు ఎవరో మంచివాణ్ణి ఇవ్వమను, కళ్ళకద్దుకుంటాను.

వాడు లేక ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందంటే నాకేం తోచి చావడం లేదు. సూదుల డబ్బా ఇంకా దొరకలేదు. ఎక్కడ పెట్టాడో అడిగి రాయి.

అక్క


ఏప్రిల్ 22

అక్కా,

కోపం తగ్గిందా? మనవాడు బాగున్నాడు. నిజంగా బాగున్నాడు. చేతుల వణుకు పోయింది, వేళకి తింటున్నాడు, ఒంటికి కాస్త కండ పట్టింది. మేస్త్రీ నోరు పడిపోయిందట. నా సొంత అక్క కొడుకు ఇక్కడ చేరాడని ఆఫీసుకి రాశాను. వాడి సంగతి లెక్కలో కలపకుండా పని పూర్తిచెయ్యమన్నారు.

అప్పగింత చూశాను. వెనక గదిలో ఏమీ లేదు. ఒకప్పుడు వానాకాలంలో బట్టలు ఆరేసే గదట, కిటికీ లేదు. రెండు కుర్చీలు. ఒకదాంట్లో మనవాడు, రెండోది ఖాళీ. మేస్త్రీ ఏం తిడుతున్నాడో వాడు పైకి చెప్తాడు. దానికి తనేం జవాబివ్వాలనుకుంటాడో అదీ చెప్తాడు, ఆ ఖాళీ కుర్చీకి. మొదట్లో ఆ జవాబులకి నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని. రానురాను వాడి మాటలు తగ్గాయి. ఇప్పుడు ఊరికే కూర్చుని లేచి వస్తాడు.

ఎవరికి చెప్తున్నాడు అని పెద్దనర్సుని అడిగాను. ఆవిడ దుప్పట్లు మడతపెడుతూ, వంట చెప్పినట్టు చెప్పింది. "గొంతు ఊరికే వదలదమ్మా. గుమ్మం దాటినా వెంటపడుతుంది. దానితో మాట్లాడేవాడు ఇక్కడ ఉండిపోతేనే అదీ ఉండిపోతుంది. అందుకని జవాబు చెప్పేవాణ్ణి ఇక్కడ దించేసి, మిగతా మనిషి ఇంటికెళ్తాడు." నేను దాన్ని "ఊహ సాయంతో నచ్చజెప్పే పద్ధతి" అని రాసుకున్నాను. అంతకంటే మర్యాదైన మాట తట్టలేదు.

మొన్న మధ్యాహ్నం లాండ్రీలో వాడి ఎదురుగా కూర్చుని ప్రశ్నలు అడుగుతున్నాను. దుప్పటి ఇస్త్రీ చేస్తూ ఒక్కోదానికి నెమ్మదిగా జవాబిస్తున్నాడు. అప్పుడు వెనక గదిలోంచి వాడి నవ్వు వినిపించిందే అక్కా. మన పిడుగు నవ్వు, ముక్కుతో గురకపెట్టినట్టు వస్తుంది చూడు, అది. ఆ వెంటనే "నువ్వెవడివిరా నాకు చెప్పడానికి, ముందు నీ నిచ్చెన సరిగ్గా పట్టుకో" అని ఎవరితోనో కయ్యం. నా ఎదురుగా ఉన్నవాడి పెదవులు కదల్లేదు. తలెత్తనైనా లేదు. "మీకు మంచినీళ్ళు తెమ్మంటారా" అన్నాడు.

గోడలకి చెవులుంటాయంటారు గానీ నోళ్ళుంటాయని ఎవరూ చెప్పలేదు. ఆ ఆవిరికి తల తిరిగి అలా అనిపించి ఉంటుంది, మధ్యాహ్నం సరిగ్గా తినలేదు కూడా. నువ్వు మనసులో పెట్టుకోకు. త్వరలోనే ఇంటికి పంపేస్తామన్నారు.

సూదుల డబ్బా సంగతి అడిగాను. ఏ డబ్బా అన్నాడు.

చెల్లి


జూలై 1

చెల్లీ,

వాడికి నువ్వేమైనా నూరిపోశావా? పెద్దలతో ఎలా మాట్లాడాలో పాఠాలు చెప్పావా? నిజం చెప్పు.

వాడు వచ్చాడు. తాగడం లేదు. లిఫ్టు కంపెనీ వాళ్ళు మళ్ళీ పనిలో పెట్టుకున్నారు. వేళకి వెళ్తాడు, వేళకి వస్తాడు. మంచం జరిపి మరీ ఊడుస్తాడు. నేను కుడుతుంటే వెలుతురుకి అడ్డం రాకుండా పక్కనుంచి నడుస్తాడు. పక్కింటావిడ నా చెయ్యి పట్టుకుని "ఏం మందు పెట్టావమ్మా, మావాడికీ కాస్త పెట్టు" అంటోంది.

నన్ను "మీరు" అంటున్నాడే. "మీరు భోంచేశారా." కన్నతల్లిని పట్టుకుని! మొదట నవ్వొచ్చింది. "మీరేంట్రా వెధవా" అని నెత్తిన మొట్టాను. "క్షమించండి" అన్నాడు. ఇదివరకు నేను చెయ్యెత్తితే ఆ చెయ్యి పట్టుకుని గిరగిరా తిప్పేసేవాడు, "పడతానురా సచ్చినోడా" అనేదాకా వదిలేవాడు కాదు. ఇప్పుడు దెబ్బ తిని, తల వంచుకుని, మొట్టించుకున్న చోట జుట్టు సర్దుకున్నాడు.

పొద్దున్నే లేపడానికి వెళ్తానా, వెల్లకిలా, చేతులు పొట్ట మీద, దుప్పటి మడత చెదరకుండా పడుకుని ఉంటాడు. పిడుగు ఏనాడైనా పక్క మీద ఒక దిక్కున పడుకున్నాడా? సూదుల డబ్బా ఏదిరా అంటే గుర్తులేదని, మాట్లాడకుండా వెళ్ళి కొత్తది తెచ్చాడు.

నామీద కోపమేమో. పంపించేశానని. నీతో చనువు కదా, నువ్వడిగి చెప్పు. కోపమైతే కాళ్ళైనా పట్టుకుంటాను.

అక్క


జూలై 10

అక్కా,

కోపం కాదు, పాడూ కాదు. అన్నాళ్ళు మత్తులో ఉన్న మనిషి మళ్ళీ తనలా అవడానికి టైం పడుతుంది. మందుల వల్ల కూడా మనిషి కాస్త మెత్తబడతాడు. ఓపిక పట్టు. తాగినప్పుడూ ఏడ్చి, మానినప్పుడూ ఏడిస్తే ఎలా?

నీకు తోడు కావాలి, అంతే. ఒకసారి ఆ ఇంటికి వెళ్ళు. వెనక గది బయట బల్ల మీద కూర్చునేవాళ్ళ గురించి చెప్పాను కదా, అందరూ నీలాంటివాళ్ళే. నాలుగు మాటలు చెప్పుకుంటే గుండె బరువు తగ్గుతుంది.

నేను ఆఫీసుకి వచ్చేశాను, రిపోర్టు రాస్తున్నాను. అంకెలు చూసి మా పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఇలాంటి ఇళ్ళు ఇంకో ఇరవై తెరిపించాలంటున్నాడు. ఆ నవ్వు సంగతి నేను మర్చిపోయాను, నువ్వూ మర్చిపో.

చెల్లి


ఆగస్టు 20

చెల్లీ,

నువ్వు పొమ్మన్న చోటి నుంచే రాస్తున్నాను.

ఇంత చదువుకున్నావు, కళ్ళెదురుగా ఉన్నదాన్ని పట్టుకుని కుటుంబాల భాగస్వామ్యం అన్నావు. ఆ బల్ల మీద ఎవరూ ఎవరితోనూ కబుర్లాడరే. గోడకి చెవి ఆనించి కూర్చుంటారు, ఎవరి మనిషి గొంతు కోసం వాళ్ళు. కండక్టరు భార్య జరిగి నాకు చోటిచ్చింది. "మీవాడు మహా వాగుడుకాయండీ, మా ఆయన్ని మాట్లాడనివ్వడు" అంది, పొరుగింటి పిల్లాడి మీద చెప్పినట్టు.

నేను చెవి పెట్టాను. మేస్త్రీతో పోట్లాడుతున్నాడు. మేస్త్రీ మాట నాకు వినపడలేదు, మనవాడిదే వినపడింది. "ఒరేయ్ పిడుగూ" అన్నాను. పైకి కూడా అనలేదు, ఊపిరితో అన్నాను. ఆగిపోయాడు. "ఏమే అమ్మా, సూదుల డబ్బా దొరికిందా" అన్నాడు. అని నవ్వాడు.

చెల్లీ, నేను గోడ పట్టుకుని ఎంతసేపు ఏడ్చానో. ఎవరూ ఓదార్చలేదు. అందరూ మొదటిరోజు అలాగే ఏడ్చారట.

ఇంక ఇక్కణ్ణుంచి కదలను. పెద్దనర్సు బట్టలకి గుండీలు కుట్టే పని ఇచ్చింది. ఇంట్లో ఉన్నవాడికి ఏం లోటు? వండుకుంటాడు, ఉతుక్కుంటాడు, తాగడు. వాడికి నాతో పనిలేదు. వీడికుంది. ఆ మేస్త్రీ వీణ్ణి పొద్దస్తమానం కాల్చుకుతింటున్నాడే. ఇదివరకైతే తాగి కాసేపైనా మర్చిపోయేవాడు. ఇప్పుడు తాగడానికి నోరు కూడా లేదు నా బిడ్డకి. నేను పలకరిస్తే కాసేపు ఆ తిట్లు మరిచి నాతో మాట్లాడతాడు. అంతమాత్రం చెయ్యకపోతే నేనేం తల్లిని?

ఈ ఇల్లు మూసెయ్యమని రిపోర్టులో రాశావో, నువ్వు నా చెల్లెలివి కాదు.

అక్క


సెప్టెంబరు 5

అక్కా,

నువ్వు రాసింది చదివి రెండు రోజులు ఆఫీసుకి వెళ్ళలేదు. నేనూ విన్నాను, విని కప్పిపెట్టాను. నిన్ను అక్కడికి నేనే తోలాను. దాని గురించి తర్వాత నన్నెంతైనా తిట్టు. ఇప్పుడు చెప్పాల్సింది వేరే.

నిన్న వాడు మా ఇంటికి వచ్చాడు. నీ ఇంట్లో ఉన్నవాడు. చెప్పులు గుమ్మం బయట వరుసగా పెట్టి, కూర్చోమన్నాక కూర్చున్నాడు. "అమ్మగారు ఎప్పుడొస్తారండీ" అన్నాడు. పని తగిలిందిరా, వస్తుంది అన్నాను. "నాకు తెలుసండి. అక్కడ వదిలిన ఆయన కోసం వెళ్ళారు" అన్నాడు.

మంచినీళ్ళు తెచ్చి చేతికిచ్చాను. వాడే మళ్ళీ అన్నాడు. "నేను ప్రయత్నిస్తున్నాను పిన్నిగారూ. ఆయన ఎలా నవ్వేవారో అద్దం ముందు నిలబడి చేసి చూశాను. అమ్మగారి చెయ్యి పట్టుకుని తిప్పాలని కూడా అనుకున్నాను. పడిపోతారేమోనని భయమేసింది."

ఏడవలేదు అక్కా. ఏడుపు కూడా అక్కడే దించేసి వచ్చినట్టున్నాడు. కానీ వాడికి బాధ లేదని మాత్రం అనకు. నేను చూశాను. నువ్వెళ్ళిన దగ్గర్నుంచీ రోజూ ఇద్దరికీ వండుతున్నాడట. నీ వంతు మర్నాడు పొద్దున్న తను తింటున్నాడట.

వెళ్ళడానికి లేచి, బస్సు టైం అడిగినంత మామూలుగా అడిగాడు. "నేను మళ్ళీ తాగడం మొదలుపెడితే అమ్మగారు ఇంటికొస్తారంటారా?"

సంచీలో సీసా ఉంది. నేను చూడటం వాడు చూశాడు. "ఇంకా మూత తియ్యలేదండి. ముందు మిమ్మల్ని అడుగుదామని వచ్చాను" అన్నాడు.

నా దగ్గరే ఉండరా అని బతిమాలాను. రేపు డ్యూటీ ఉందని వెళ్ళిపోయాడు. రిపోర్టు బల్ల మీదే ఉంది. మూసెయ్యమని రాస్తే ఆ లోపల ఉన్నవాళ్ళేమవుతారు, నడపమని రాస్తే ఈ బయట ఉన్నవాళ్ళేమవుతారు? అది నా తిప్పలు, నేను పడతాను. వాడికేం చెప్పమంటావో అది రాయి. వాడూ నీ కడుపున పుట్టిన ఒంటితోనే తిరుగుతున్నాడే అక్కా.

చెల్లి


సెప్టెంబరు 24

చెల్లీ,

ఇంటి నుంచి రాస్తున్నాను. నీ ఉత్తరం అందిన రోజే బయల్దేరాను.

గోడ దగ్గరికి వెళ్ళి "పోతున్నానురా" అన్నాను. "ఎక్కడికే" అన్నాడు. "మీ తమ్ముడి దగ్గరికి. ఒక్కడే ఉన్నాడు, సీసా కొన్నాడు" అన్నాను. "నాకు తమ్ముడెక్కణ్ణుంచొచ్చాడే" అన్నాడు. ఆ గొంతులో నవ్వు లేదు. చిన్నప్పుడు బడిలో దించేసి వస్తుంటే ఎలా చూసేవాడో, అలా ఉంది ఆ గొంతు. "సరే, నువ్వూ రా" అనేశాను.

పెద్దనర్సు పరుగున వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. "వద్దమ్మా. ఒక్కణ్ణే తీసుకెళ్ళలేవు, వాడి వెనకే మేస్త్రీ కూడా వస్తాడు. వచ్చి ఇంట్లో ఉన్నవాడి చెవి వెతుక్కుంటాడు" అంది. మొన్న గుండీలు కుడుతుంటే నువ్వే చెప్పావు, జవాబు దొరికినంత సేపు మేస్త్రీ ఇంకొకరి జోలికి పోడని, అన్నాను. ఔనంది. అయితే జవాబు నేను చెప్తానన్నాను. కస్టమర్లతో నోరు పెట్టుకుని ముప్ఫై ఏళ్ళు బతికినదాన్ని, ఒక మేస్త్రీకి జవాబు చెప్పలేనా?

వచ్చేశాం. బస్సు కిటకిటలాడుతోంది, నా పక్క సీట్లో మాత్రం ఎవరూ కూర్చోలేదు.

వాడే తలుపు తీశాడు. సీసా బల్ల మీద ఉంది, మూత తియ్యలేదు. తీసుకెళ్ళి తూములో ఒంపేశాను. వాడు చూస్తూ నిలబడ్డాడు. "మీ వంతు వండాను" అన్నాడు. దగ్గరికి లాక్కుని ఏడ్చాను. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు నిలబడి, ఆఖరికి నా వీపు మీద పెట్టాడు. వీడూ నా కొడుకే. ఎవరో మంచివాడు కాదు.

ఇప్పుడు మాకిలా నడుస్తోంది. పొద్దున్నే మిషను ముందు కూర్చుంటాను. మేస్త్రీ మొదలుపెడతాడు. ఇప్పుడు నాకు వాడి మాటా వినపడుతోంది. వాడు ఒకటంటే నేను నాలుగంటాను, మిషను చప్పుడులో కలిసిపోయేట్టు. పెద్దాడు ముక్కుతో నవ్వుతూ "అలా పెట్టవే గడ్డి" అంటాడు. చిన్నాడు స్నానం చేసి, తిని, డ్యూటీకి వెళ్తాడు. వాణ్ణి రోజూ అడుగుతున్నాను, ఏమైనా వినిపిస్తోందా నాన్నా అని. మీ మిషను ఒక్కటే అంటాడు. మొన్నొకసారి "ఎవరితో మాట్లాడుతున్నావమ్మా" అన్నాడు. అమ్మా అన్నాడే! దారం తెగుతోందిరా, దాన్ని తిడుతున్నా అన్నాను.

రిపోర్టులో నువ్వు విన్నది, చూసింది అంతా రాయి. ఆ నవ్వు కూడా. నన్ను చూసి భయపడి ఏదీ దాచకు, ఆనాడు కోపంలో ఏదో అన్నాను. నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానని మాత్రం రాయకు. వాళ్ళ మందుకి నేను ఊరుకుంటే మేస్త్రీ ఊరుకోడు.

ఒక్కటే దిగులు. నేను పెద్దదాన్నవుతున్నాను, గొంతు రాసుకుపోతోంది. పిడుగు ఇన్నేళ్ళు పడ్డాడు, వాణ్ణింక పడనివ్వను. నేను పోయాక జవాబు ఎవరు చెప్తారు? గోడకి చెవి పెట్టకుండానే నీకు వాడి గొంతు వినపడింది, మన ఇంట్లో నా తర్వాత నోరున్నదానివీ నువ్వే. సెలవు పెట్టి రా. నా పక్కన కూర్చుని మేస్త్రీతో ఎలా మాట్లాడాలో నేర్చుకో.

ఆలస్యం చెయ్యకు. నిన్న కుడుతూ కుడుతూ కునుకు పట్టేసింది. కళ్ళు తెరిచేసరికి మేస్త్రీ గొంతు నా దగ్గర లేదు, చిన్నాడి గది తలుపు దగ్గర, వాణ్ణి పేరు పెట్టి మెల్లగా పిలుస్తోంది.

అక్క